పిల్లికి ఎఫ్‌ఐపీ: 84 రోజుల మందు, వారం వారం తూకం

పొట్ట గుండ్రంగా ఉబ్బి, వీపు మీద ఎముకలు చేతికి తగులుతున్న పిల్లిని చూస్తే ఎవరైనా ముందు అనేది నట్టలని. ఆడదైతే చూలని. నట్టల మందు వేశాక కూడా ఆ పొట్ట తగ్గకపోతే ఒక పక్క వేలితో తట్టి, రెండో పక్క అరచెయ్యి ఆనించి చూడాలి. లోపల నీరుంటే చిన్న అల వచ్చి చేతికి తగులుతుంది. మా పిల్లికి తగిలింది. పది నెలల వయసు, 2.4 కిలోల బరువు, వారం రోజులు యాంటీబయాటిక్ వాడినా దిగని 104 డిగ్రీల జ్వరం. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది. అందుకే చెయ్యి పెట్టి చూసి జ్వరం ఉందనీ లేదనీ చెప్పలేం, థర్మామీటర్ పెట్టాల్సిందే.

చిన్న వయసు, పొట్టలో నీరు, యాంటీబయాటిక్‌కు లొంగని జ్వరం, కరిగిపోతున్న కండ. ఈ నాలుగూ ఒకచోట కలిస్తే పశువైద్యుల నోట వచ్చే పేరు ఎఫ్‌ఐపీ. కొన్నేళ్ల కిందటి దాకా ఆ పేరు చెప్పాక మిగిలేది ఎన్ని రోజులన్న ప్రశ్నే. ఇప్పుడు మందుంది, బాగా పనిచేస్తుంది. అయితే ఆ మందు సగం డాక్టర్ చేతిలో ఉంటే మిగతా సగం ఇంట్లో తూకం దగ్గర ఉంటుంది. ఈ చికిత్సలో నాకు ఎదురైన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం లెక్కలవే కాబట్టి లెక్కల గురించే ఎక్కువ రాస్తాను.

ముందు జబ్బేమిటో అర్థం కావాలి. లేకపోతే ఏ పరీక్షను ఎంతవరకు నమ్మాలో తెలియదు. ఫీలైన్ ఇన్‌ఫెక్షియస్ పెరిటోనైటిస్ అన్న పూర్తి పేరు సగం తప్పుదోవ పట్టిస్తుంది. 1963లో బోస్టన్‌లో జీన్ హోల్జ్‌వర్త్ అనే పశువైద్యురాలు దీన్ని మొదటిసారి నమోదు చేశారు. తొలి కేసుల్లో ఎక్కువగా కనపడింది పొట్ట పొర వాపు కాబట్టి తర్వాత ఆ పేరు స్థిరపడింది. నిజానికి జబ్బు పొట్టకే పరిమితం కాదు. ఛాతీలో, కంట్లో, మెదడులో ఎక్కడైనా రావచ్చు. పేరులో అంటువ్యాధి అని ఉన్నా, మామూలుగా ఈ రూపంలో ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి అంటదు.

అంటేది దీని మాతృక అయిన పిల్లుల కరోనావైరస్. మనుషులకు వచ్చిన కోవిడ్ వైరస్ వేరు, ఇది వేరు. ఇది మనుషులకు రాదు. పేగుల్లో కాపురం ఉండి, మలంలో బయటికొచ్చి, పంచుకున్న లిట్టర్ బాక్సు ద్వారా ఇంకో పిల్లి నోట్లోకి చేరుతుంది. నాలుగైదు పిల్లులున్న ఇంట్లో దాదాపు అన్నిటికీ అది ఒకసారైనా తగిలే ఉంటుంది. చాలా పిల్లుల్లో ఏమీ కనపడదు, కొన్నిటికి నాలుగు రోజులు పల్చటి విరేచనం అవుతుంది, అంతే. ఎక్కడో 5 నుంచి 10 శాతం పిల్లుల్లో మాత్రం ఆ వైరస్ పిల్లి ఒంట్లోనే మారిపోతుంది. స్పైక్ ప్రొటీన్‌లో చిన్న మార్పులు పడి, పేగు కణాలను వదిలి మాక్రోఫేజ్ అనే తెల్ల రక్తకణాల్లో పెరగడం నేర్చుకుంటుంది. శత్రువును మింగాల్సిన కణాలే దాన్ని ఒళ్లంతా మోసుకు తిరుగుతాయి. అవి వెళ్లి సన్నటి రక్తనాళాల గోడలకు అంటుకుంటే గోడలు వాచి, రక్తంలోని ప్రొటీన్‌తో కూడిన నీరు బయటికి కారుతుంది. ఇది తడి రకం. నీరు కారకుండా కిడ్నీలో, లింఫ్ గ్రంథుల్లో, పేగు గోడలో గడ్డలు కట్టేది పొడి రకం. రెండిటికీ మధ్య గట్టి గోడేమీ లేదు, ఒకటి ఇంకోదాన్లోకి జారవచ్చు.

రెండేళ్లలోపు పిల్లులకే ఎక్కువగా వస్తుంది. కొత్త ఇంటికి రావడం, ఆపరేషన్, హాస్టల్లో వదలడం వంటి ఒత్తిడి తర్వాత కొన్ని వారాలకు బయటపడటం మామూలు. ఎక్కడ తప్పు చేశామని పెంచినవాళ్లు తమను తాము తవ్వుకుంటారు. ఆ ఆపరేషన్ చేయించడం తప్పు కాదు. వైరస్ ఎప్పుడు మారుతుందో ముందుగా చెప్పగల పరీక్ష లేదు.

జబ్బును తేల్చడానికి ఒకే ఒక్క పరీక్ష ఉంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. చాలామంది మొదట డబ్బు పోసేది కరోనావైరస్ యాంటీబాడీ పరీక్ష మీద. అది పాజిటివ్ వస్తే పిల్లి ఎప్పుడో పేగు వైరస్‌ను చూసిందని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. ఆరోగ్యంగా గంతులేసే పిల్లికీ పాజిటివ్ వస్తుంది. మలంలో వైరస్ కోసం చేసే పీసీఆర్ కూడా అంతే. ఆధారాలను ఒక్కొక్కటిగా పళ్లెంలో వేసి తూచడమే ఇక్కడి పద్ధతి.

తడి రకంలో అన్నిటికన్నా బరువైన ఆధారం ఆ నీరే. సూదితో తీసినప్పుడు లేత పసుపు రంగులో, తేనెలా సాగుతూ, సిరంజిని ఊపితే నురగ కడుతుంది. మా పిల్లి నీటిని గాజు గొట్టంలో పోసి కిటికీ దగ్గర పట్టుకుంటే పలచటి నూనెలా మెరిసింది. వాసన లేదు. చీము వాసన వచ్చినా, మబ్బుగా ఉన్నా బాక్టీరియాను అనుమానించాలి. ల్యాబ్‌లో ప్రొటీన్ డెసీలీటరుకు 3.5 గ్రాములు దాటడం, కణాలు మాత్రం తక్కువగా ఉండటం ఎఫ్‌ఐపీ తీరు.

డాక్టర్ గది బల్ల మీదే చేయగలిగే రివాల్టా పరీక్షను ఒకసారి దగ్గర నుంచి చూడాలి. గాజు గొట్టంలో 7 నుంచి 8 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, అందులో గాఢ ఎసిటిక్ ఆమ్లం ఒక్క చుక్క వేసి బాగా కలుపుతారు. దాని ఉపరితలం మీద, పైనుంచి విసరకుండా మెల్లగా, పొట్ట నీరు ఒక్క చుక్క వదులుతారు. చుక్క కరిగి మాయమై నీళ్లు తేటగా ఉంటే నెగటివ్. మాది కరగలేదు. తెల్లటి పొగ ముద్దలా పైన నిలిచి, తోక వేలాడేసుకుని జెల్లీ చేపలా మెల్లగా కిందికి దిగింది. అదే పాజిటివ్. అయితే నెగటివ్‌కు ఉన్నంత విలువ పాజిటివ్‌కు లేదు. నెగటివ్ వస్తే ఎఫ్‌ఐపీ కాకపోవచ్చని చాలావరకు నమ్మవచ్చు. పాజిటివ్ మాత్రం బాక్టీరియా వల్ల పొట్టలో చీము పట్టినా, లింఫోమా అనే క్యాన్సర్ ఉన్నా కూడా రాగలదు. అందుకే అదే నీటిని స్లైడు మీద కూడా చూడాలి.

రక్తపరీక్షలో నా కళ్లు మొదట వెతికేది రక్తంలోని రెండు ప్రొటీన్లైన ఆల్బుమిన్, గ్లోబ్యులిన్‌ల నిష్పత్తి. వైరస్‌తో పోరాడుతున్న శరీరం గ్లోబ్యులిన్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది, ఆల్బుమిన్ పడిపోతుంది. నిష్పత్తి 0.4 కన్నా తక్కువైతే అనుమానం బలపడుతుంది, 0.8 దాటితే వేరే జబ్బును వెతకాలి. మధ్యలో ఉంటే మధ్యలోనే ఉన్నట్టు. మాది 0.35. దానికి తోడు లింఫోసైట్లు అనే తెల్ల కణాలు తగ్గడం, కొత్త ఎర్ర కణాలు పుట్టని రక్తహీనత, లివర్ ఎంజైములు పెద్దగా పెరగకుండానే కామెర్ల పసుపుకు కారణమైన బిలిరుబిన్ పెరగడం. ఈ చివరిది చాలామంది చూడకుండా వదిలేస్తారు. చెవి లోపలి చర్మం, చిగుళ్లు పచ్చబడ్డ చిన్న పిల్లికి ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైము మామూలుగా ఉంటే వెంటనే లివర్ జబ్బని రాసేయకూడదు. ఆ తర్వాత అదే పొట్ట నీటిలో కరోనావైరస్ పీసీఆర్ చేయిస్తే ఎక్కువ మోతాదులో వైరస్ కనపడటం దాదాపు తీర్పు లాంటిది. పేగు వైరస్‌కు పొట్ట నీటిలో అంత పని ఉండదు.

పొడి రకానికి ఇంత సుళువు లేదు. తీయడానికి నీరుండదు. అల్ట్రాసౌండ్‌లో ఉబ్బిన లింఫ్ గ్రంథి కనపడితే అందులోంచి సన్న సూదితో కణాలు తీయాలి, లేదా కళ్లు, నరాల లక్షణాలను పట్టుకుని ముందుకు వెళ్లాలి. ఇప్పుడు చాలామంది పశువైద్యులు ఆధారాలు చాలినంత బలంగా ఉంటే మందు మొదలుపెట్టి, మూడు నాలుగు రోజుల్లో వచ్చే మార్పును కూడా ఒక పరీక్షగా లెక్కేస్తారు. నాకది సబబుగానే అనిపిస్తుంది. తడి రకంలో వారం రోజులు రిపోర్టు కోసం ఎదురుచూడటమంటే పిల్లిని పోగొట్టుకోవడం కావచ్చు.

మందు పేరు జీఎస్-441524. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను కాపీ చేసుకునేటప్పుడు ఒక నిజమైన ఇటుక బదులు ఈ దొంగ ఇటుక పడితే కాపీ అక్కడికి ఆగిపోతుంది. కోవిడ్ రోజుల్లో అందరూ విన్న రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్లాక మారేది దీనిగానే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో నీల్స్ పెడర్సన్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో సహజంగా జబ్బు చేసిన 31 పిల్లులకు దీన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చారు. మరీ ముదిరిన అయిదు మధ్యలోనే పోయాయి, 26 కోర్సు పూర్తి చేశాయి, ప్రచురించే నాటికి 25 బతికి ఉన్నాయి. అంతకుముందు బతికే అవకాశం దాదాపు లేని జబ్బులో ఇది. కనీసం 12 వారాలు, అంటే 84 రోజులు అన్న అంకె ఈ ప్రయోగం నుంచే వాడుకలోకి వచ్చింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ మందు చట్టబద్ధంగా దొరకక, పేరూ ఊరూ లేని సీసాల్లో చేతులు మారింది. 2021లో బ్రిటన్‌లో పశువైద్యులు రాసిచ్చే మందుగా వచ్చింది. అమెరికాలో 2024 జూన్ నుంచి 50 మిల్లీగ్రాముల మాత్రగా ప్రిస్క్రిప్షన్ మీద దొరుకుతోంది. పేరు లేని సీసాతో చిక్కేమిటంటే లేబుల్ మీది అంకె, లోపలి మందు ఒకటి కాకపోవడం. చికిత్స అంతా అంకెల మీద నడిచేటప్పుడు మొదటి అంకే అబద్ధమైతే మిగతా లెక్క ఎంత బాగా చేసినా దండగే.

ఇక మోతాదు. 2019 ప్రయోగంలో స్థిరపడింది కిలోకు రోజుకు 4 మిల్లీగ్రాములు, ఇంజెక్షన్‌గా. ఇప్పుడు నోటి ద్వారా ఇచ్చేటప్పుడు వైద్యులు వాడేది కిలోకు రోజుకు దాదాపు 15. కంటికి, మెదడుకు జబ్బు పాకితే 20 దాకా, దాన్ని రెండు పూటలకు పంచి. రెండు అంకెలకూ ఇంత తేడా ఎందుకంటే మింగిన మందంతా రక్తంలోకి చేరదు. పైగా తక్కువ మోతాదు వల్ల తిరగబెట్టిన కేసులు చూశాక అందరూ కొంచెం ఎత్తులోనే మొదలుపెడుతున్నారు. మెదడుకు, కంటికి రక్తం నుంచి మందు తక్కువగా దాటుతుంది, కాబట్టి వాటికి ఇంకా ఎక్కువ. పాత కాగితాల్లో 4 అనో 6 అనో కనపడిన అంకె ఇంజెక్షన్‌దా, మాత్రదా అని అడక్కుండా వాడటం నేను చూసిన ప్రమాదకరమైన పొరపాట్లలో మొదటిది.

మా లెక్క ఇలా నడిచింది. 2.4 కిలోలను 15తో గుణిస్తే 36 మిల్లీగ్రాములు. ఇచ్చిన ద్రవం మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములది. 36ను 50తో భాగిస్తే 0.72 మిల్లీలీటరు. 1 మిల్లీలీటరు సిరంజి మీద చిన్న గీత 0.01, కాబట్టి 0.72ను కచ్చితంగా తీయవచ్చు. 5 మిల్లీలీటర్ల సిరంజితో తీస్తే గీతల మధ్య ఊహించాలి. సీసాను ప్రతిసారీ బాగా కుదపాలి. ఇది నీళ్లలో కరిగిన మందు కాదు, తేలే పొడి. కుదపకుండా పైపైన తీస్తే మొదటి వారం పలచటి మందు, చివరి వారం గడ్డ మందు ఇచ్చినట్టవుతుంది. మొదటి వారంలో తక్కువ పడటం కన్నా చెడ్డది లేదు.

తూకం సంగతి. మనుషులు ఎక్కే తూకం 100 గ్రాముల మెట్లలో చూపిస్తుంది. రెండున్నర కిలోల పిల్లికి 100 గ్రాములంటే నాలుగు శాతం, అంటే వారం రోజుల పెరుగుదల మొత్తం. 5 లేదా 10 గ్రాముల తేడా పట్టే వంటింటి తూకం, దాని మీద ఒక అట్టపెట్టె, పెట్టె పెట్టాక సున్నా నొక్కడం, పిల్లిని దించడం. ఎప్పుడూ ఒకే వేళ, పొద్దున్నే, తిండికి ముందు. ఖాళీ పెట్టె కనపడితే పిల్లి తనంతట తనే వచ్చి కూర్చుంటుంది కాబట్టి ఇదొక్కటే ఈ చికిత్సలో గొడవ లేని పని.

ఇక్కడే ఒక మాయ ఉంది. తడి రకం పిల్లి మొదటి బరువులో నీటి బరువు కలిసి ఉంటుంది. మందు పనిచేసి నీరు ఇంకిపోతుంటే బరువు తగ్గుతుంది. మా పిల్లి తొమ్మిదో రోజుకు 2.4 నుంచి 2.2కు దిగింది. అది చూసి మందు తగ్గించకూడదు. బరువు తగ్గితే మోతాదు అక్కడే ఉంచాలి, పెరిగితేనే పెంచాలి. రెండో వారం తర్వాత అసలు కండ పట్టడం మొదలై మూడు నెలల్లో 3.6కు చేరింది. అంటే 54 మిల్లీగ్రాములు, 1.08 మిల్లీలీటరు. మొదటి రోజు చీటీలో రాసిన 36నే చివరిదాకా ఇస్తూ పోయి ఉంటే కిలోకు 10 మాత్రమే పడేది, మూడో వంతు తక్కువ. పిల్లి కోలుకుంటున్న కొద్దీ మందు తనంతట తానే పలచబడిపోవడమన్న మాట. తక్కువ మోతాదులో బతికి బట్టకట్టిన వైరస్ మందుకు అలవాటు పడుతుంది, తిరగబెట్టినప్పుడు ఇంకా పెద్ద మోతాదు అడుగుతుంది. పెరుగుతున్న పిల్లికి ప్రతి వారం తూచి లెక్క మార్చమనేది అందుకే.

మందు ఇచ్చే పద్ధతి. ఖాళీ కడుపున, లేదా మందును దాచేంత చిన్న ముద్దతో ఇచ్చి, కనీసం అరగంట తర్వాత పూర్తి తిండి పెట్టాలి. రోజూ ఒకే వేళకు. మాత్ర అయితే పిల్లిని బల్ల మీద వెనక్కి వెళ్లలేకుండా మన పొట్టకు ఆనించి నిలబెట్టాలి. ఎడమ చేత్తో పైనుంచి తలపట్టి, బొటనవేలు, మధ్యవేలు చెంప ఎముకల మీద ఉంచి ముక్కును పైకప్పు వైపు తిప్పితే కింది దవడ కొద్దిగా వదులవుతుంది. కుడిచేతి ఉంగరపు వేలితో ముందు పళ్లను కిందికి నొక్కి, మాత్రను నాలుక మొదట్లో సరిగ్గా మధ్యన పడెయ్యాలి. పక్కకు పడితే అయిదు నిమిషాలు నురగ కక్కి సోఫా కింద ఉమ్మేస్తుంది. నోరు మూసి, గొంతు నిమిరి, ముక్కు నాకిందాకా వదలకూడదు. ఆ వెంటనే సిరంజితో 3 నుంచి 5 మిల్లీలీటర్ల నీళ్లు చెంప పక్క నుంచి మెల్లగా పొయ్యాలి. పొడిగా మింగించిన మాత్ర అన్నవాహికలో ఇరుక్కునే ప్రమాదం పిల్లుల్లో ఎక్కువ. ద్రవం ఇచ్చేటప్పుడు నేరుగా గొంతులోకి చిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోరపన్ను వెనక ఖాళీలోంచి, నాకే వేగంలో ఇవ్వాలి.

ఏమీ మింగలేనంత నీరసంగా ఉన్న పిల్లికి మొదటి రెండు మూడు రోజులు ఆస్పత్రిలో రెమ్‌డెసివిర్ నరంలోకి ఇచ్చి తర్వాత మాత్రలకు మారుస్తారు. చర్మం కింద ఇంజెక్షన్లతోనే నడిపేవాళ్లూ ఉన్నారు. మందులో ఆమ్ల గుణం ఎక్కువ, మంట పుడుతుంది. గది వేడికి తెచ్చి, తీసిన సూది మార్చి కొత్త సూదితో పొడవాలి. రోజుకో చోటు మార్చాలి. అదే చోట పడితే పుండు పడుతుంది. ఒకటి రెండు గంటల ముందు డాక్టర్ సలహాతో నొప్పి, బెదురు తగ్గించే గాబాపెంటిన్ ఇస్తే పిల్లికీ మనకూ సుఖం. పొడిచాక బొచ్చును వేళ్లతో తడిమి చూడాలి. తడి తగిలితే సూది చర్మాన్ని దాటి అవతలకు వచ్చిందని, మోతాదులో కొంత బొచ్చుకు పోయిందని అర్థం.

పనిచేస్తే చాలా త్వరగా తెలుస్తుంది. మందు పడ్డ 24 నుంచి 72 గంటల్లో జ్వరం దిగుతుంది. ముందుగా గిన్నె దగ్గరికి నడుస్తుంది, ఆ తర్వాత ఒళ్లు నాక్కోవడం మొదలుపెడుతుంది. నేను నోట్‌బుక్కులో రోజూ రాసింది నాలుగే: జ్వరం, తిన్న తిండి గ్రాముల్లో, ఊపిరి లెక్క, ఎక్కడికి దూకింది. ఊపిరిని నిద్రలో ఉన్నప్పుడు 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చెయ్యాలి. నిమిషానికి 30 దాటి పైకి పోతుంటే, నోరు తెరిచి పీలుస్తుంటే ఛాతీలో నీరు పడుతోందని. అది రాత్రి అయినా ఆగే పని కాదు, ఛాతీ నీరు తీయాల్సిందే. పొట్ట నీటిని మాత్రం ఊపిరి ఆడక ఇబ్బంది పడితే తప్ప ఖాళీ చేయరు. తీసేసిన చోట మళ్లీ ఊరుతుంది, దాంతోపాటే ఒంటి ప్రొటీన్ పోతుంది. మందు పడితే ఒకటి రెండు వారాల్లో అదే ఇంకిపోతుంది.

మూడు నాలుగు రోజులైనా జ్వరం కదలకపోతే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. లెక్క సరిపోయిందా? మందు అసలైనదేనా? జబ్బు ఇదేనా?

ఈ లోగా ఆశపెట్టే పక్క మందులు చాలా వస్తాయి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఒకప్పుడు ఉన్న ఏకైక ఊరట. ఇప్పుడు అది జ్వరాన్ని దాచి మందు పనితనాన్ని కనపడనివ్వదు. ముందే వాడుతున్న పిల్లికి ఒక్కసారిగా కాకుండా మెట్లుమెట్లుగా మాన్పిస్తారు. మెదడు, కంటి వాపుకు కొన్ని రోజులు అవసరమైతే అది డాక్టర్ నిర్ణయం. రోగనిరోధక శక్తి పెంచే పొడులు, లైసిన్ పేస్టులు నేను దగ్గరికి రానివ్వలేదు. తిండి మీద ఉన్న కాస్త ఇష్టాన్ని పాడుచేయడం తప్ప అవి చేసేదేమీ కనపడలేదు.

రక్తపరీక్ష రెండో వారం చివర, ఆపైన నెలకోసారి. రెండో వారం రిపోర్టు చూసి భయపడ్డవాళ్లు చాలామంది. గ్లోబ్యులిన్ మొదటికన్నా పెరిగి ఉంటుంది. పొట్టలో నిలిచిన నీరు తిరిగి ఇంకేటప్పుడు అందులోని ప్రొటీన్ కూడా రక్తంలోకి రావడమే దానికి కారణం. పిల్లి తింటూ, జ్వరం లేకుండా ఉంటే ఆ పెరుగుదల మంచికే. బిలిరుబిన్ త్వరగా దిగుతుంది, రక్తహీనత వారాలు తీసుకుంటుంది, ఆల్బుమిన్ అన్నిటికన్నా నిదానం. ఏఎల్‌టీ కొద్దిగా పెరగడం, లింఫోసైట్లు పెరగడం చికిత్సలో తరచుగా కనపడేవే. ఏఎల్‌టీ కొంచెం పెరిగిందని ఎవరో చెప్పిన లివర్ టానిక్కులు మొదలుపెట్టి, వాంతులై, అసలు మందు కక్కించుకోవడం కొని తెచ్చుకున్న కష్టం. అరుదుగా ఈ మందే మూత్రంలో రాళ్లుగా కట్టిన కేసులు నమోదయ్యాయి. నీళ్లు బాగా తాగేలా, తడి తిండి తినేలా చూడటం, లిట్టర్ బాక్సులో ముక్కుతోందేమో గమనించడం అవసరం.

నలభయ్యో రోజుకు పిల్లి పూర్తిగా బాగున్నట్టే కనపడుతుంది. అసలు పరీక్ష అప్పుడే. మందు ఖరీదైనది, పిల్లి బీరువా ఎక్కుతోంది, ఇంకా ఎందుకనిపిస్తుంది. మ్యూనిక్‌లోని విశ్వవిద్యాలయం 2024లో ప్రచురించిన అధ్యయనంలో తడి రకం ఉన్న 40 పిల్లుల్లో సగానికి 42 రోజులు, సగానికి 84 రోజులు మందిచ్చారు. ఫలితం రెండిటికీ సమానంగానే వచ్చింది. అంటే 84 దైవలిఖితం కాదు. కానీ అక్కడ పిల్లులకు ఇచ్చింది తెలిసిన నాణ్యత ఉన్న మందు, వాటిని పదేపదే పరీక్షించారు, మెదడు జబ్బున్నవాటిని తీసుకోలేదు. రక్తపరీక్షలన్నీ మామూలుకు వచ్చాయని డాక్టర్ చూసి రోజులు తగ్గిస్తే అది వేరు, సీసా అయిపోయిందని మనం ఆపితే వేరు. మేం 84 పూర్తి చేశాం.

కంటిని, నరాలను ఈ రోజులన్నిటా వెతుకుతూనే ఉండాలి. మందు కిలోకు 15తో పొట్టలో గెలిచి మెదడులో ఓడిపోవచ్చు. వెలుతురులో రెండు కంటిపాపలూ ఒకే సైజులో ఉన్నాయా, కంటి రంగు ఒక పక్క ముదిరిందా, లోపల మసక ఉందా అని చూడాలి. రోజూ ఎక్కే ఎత్తు ఎక్కకపోవడం, వెనక కాళ్లు తూలడం, తల వణకడం, ఫిట్స్. వీటిలో ఏది కనపడినా అది మోతాదు పెంచాల్సిన సంకేతం, వెంటనే ఫోన్ చెయ్యాలి. నోట్‌బుక్కులో ఎక్కడికి దూకిందో రాసింది ఇందుకోసమే. కిటికీ గట్టు మీది నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి నేలకు దిగిపోవడం కాగితం మీద వరసగా చూస్తే తెలుస్తుంది, రోజూ చూసే కళ్లకు తెలియదు.

జీఎస్ పనిచేయకపోతే, తిరగబెడితే ఇంకో మందు మోల్నుపిరావిర్. అది వైరస్ జన్యువుల్లో తప్పులు పోగుచేసి చంపుతుంది. అందుకే దాన్ని గర్భిణులు ముట్టుకోకూడదు, మిగతావాళ్లు గ్లవుజు వేసుకోవాలి. ఎక్కువ మోతాదులో తెల్లకణాలు పడిపోతాయి. 2023లో సైప్రస్ ద్వీపంలో వందల పిల్లులు జబ్బుపడినప్పుడు ప్రభుత్వం మనుషుల కోసం నిల్వ ఉంచిన ఈ మాత్రలనే పిల్లులకు విడుదల చేసింది. ఎఫ్‌ఐపీ నేరుగా అంటదన్న మాటకు ఆ ద్వీపం మినహాయింపు కూడా. అక్కడ తిరిగింది కుక్కల కరోనావైరస్ ముక్కను కలుపుకున్న కొత్త రకం, అది పిల్లి నుంచి పిల్లికి పాకింది.

ఇంట్లో మిగతా పిల్లుల గురించి రెండు మాటలు. జబ్బుపడిన పిల్లిని గదిలో వేసి తలుపు మూయాల్సిన పనిలేదు. మాతృక వైరస్ మిగతావాటికి ఎప్పుడో చేరి ఉంటుంది. చేయాల్సింది లిట్టర్ బాక్సులు పెంచడం. పిల్లికి ఒకటి చొప్పున, అదనంగా ఒకటి. రోజుకు రెండుసార్లు తీయడం, తిండి గిన్నెలకు దూరంగా పెట్టడం. ఎండిన మలంలో, ధూళిలో ఈ వైరస్ ఏడు వారాల దాకా బతకగలదు. కానీ సబ్బుకు, ఒక వంతు బ్లీచుకు 32 వంతుల నీళ్లు కలిపిన ద్రావణానికి తట్టుకోదు. ముందు మలం కడిగి, ఆ తర్వాత బ్లీచు. మట్టి మీద పోసిన బ్లీచు మట్టినే శుభ్రం చేస్తుంది. కొత్త పిల్లిని తెచ్చే ఆలోచన ఉంటే కొన్ని నెలలు ఆగడం మేలు, వైరస్ కోసం కాకపోయినా ఒత్తిడి కోసం.

84వ రోజు మందు ఆపేముందు చూసుకున్నవి: రెండు వారాలుగా జ్వరం లేని థర్మామీటర్ రీడింగులు, అల్ట్రాసౌండ్‌లో నీరు లేకపోవడం, ఆల్బుమిన్ గ్లోబ్యులిన్ నిష్పత్తి 0.9, రక్తహీనత పోవడం, సీరమ్ అమైలాయిడ్ ఏ అనే వాపు సూచిక మామూలుకు రావడం. వీటిలో ఏదైనా వెనకబడి ఉంటే ఇంకో రెండు వారాలు లాగుతారు. ఆపడానికి మోతాదు మెట్లుమెట్లుగా తగ్గించాల్సిన పనిలేదు, పూర్తి మోతాదుతోనే ఆపుతారు. తగ్గిస్తూ పోవడమంటే మిగిలిన వైరస్‌కు తక్కువ మందు రుచి చూపించడమే.

ఆ తర్వాత ఇంకో 12 వారాలు పరిశీలన. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మందు ఆపిన మొదటి వారాల్లోనే తిరగబెడతాయి. నాలుగో వారం ఒకసారి, పన్నెండో వారం ఒకసారి రక్తపరీక్ష, అంతదాకా టీకాలు, ఆపరేషన్లు వాయిదా. ఇంట్లో చేసేది పాతదే: పొద్దున్నే అట్టపెట్టె, తూకం, నోట్‌బుక్కు. జ్వరం తెలిసే ముందే చాలాసార్లు బరువు పడిపోతుంది. రెండు వారాలు వరసగా 50 గ్రాముల చొప్పున తగ్గితే పిల్లి ఎంత హుషారుగా ఉన్నా రక్తపరీక్షకు వెళ్లాలని మేం గీత గీసుకున్నాం. ఆ గీత దాటాల్సిన పని రాలేదు. 168వ రోజు బరువు 3.91 కిలోలు. పెట్టె మూలలు నమిలి పాడుచేసింది కాబట్టి ఆ వారం కొత్త పెట్టె పెట్టి మళ్లీ సున్నా నొక్కాల్సి వచ్చింది.